దక్షిణ ద్వీపంలో నీళ్ళు పట్టుకోవడం

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో ప్రయాణించేవారికి నీళ్ళు కనబడని గంట ఉండదు. క్రైస్ట్‌చర్చ్ నుంచి దక్షిణంగా బయలుదేరిన కొద్దిసేపటికే రకాయా నది ఎదురవుతుంది. పాయలు పాయలుగా విడిపోయి, జడ అల్లినట్లు మళ్ళీ కలిసిపోయే నది అది. దాని మీది వంతెన పొడవు 1.7 కిలోమీటర్లకు పైమాటే. ఆ తరువాత రంగిటాటా. జెరల్డీన్, ఫెయిర్లీ దాటి బర్క్స్ కనుమ ఎక్కి దిగితే టెకాపో సరస్సు, దాని వెనుక పుకాకి సరస్సు. హిమనదాలు రాళ్ళను నూరిన పిండి నీటిలో తేలుతూ ఉండటం వల్ల ఆ రెండింటికీ పాలు కలిసిన నీలిరంగు. పుకాకి ఒడ్డున నిలబడితే ఉత్తరాన 3,724 మీటర్ల అవొరాకి శిఖరం మంచుతో కనబడుతుంది. ఇక పడమటి తీరం సంగతి చెప్పనక్కర లేదు. మిల్ఫర్డ్ సౌండ్‌లో ఏటా కురిసే వాన 6 మీటర్లకు మించుతుంది.

ఇంత నీటి మధ్య, వ్యానులో కాపురం పెట్టుకుని తిరిగే కుటుంబానికి మాత్రం నీటి చింత తప్పదు. వారికి అక్కరకు వచ్చే నీళ్ళు నదిలోనివీ కావు, సరస్సులోనివీ కావు. కుళాయి నుంచి వచ్చి, వ్యాను పక్కగోడకున్న అరచేయంత మూతిగుండా లోపలి ట్యాంకులోకి చేరినవే వారి నీళ్ళు. ఆ మూతి దగ్గర పడే అవస్థ గురించి యాత్రా వర్ణనలలో ఎవరూ రాయరు. శిఖరాల మీద రాయడానికి చాలామంది ఉన్నారు కనుక, ఈ మూతి గురించి నాలుగు మాటలు రాయడం అనుచితం కాదనుకుంటాను.

క్యాంపర్ వ్యాను అంటే ఏమిటో మన పాఠకులలో కొందరికి తెలియకపోవచ్చు. సరుకులు మోసే వ్యాను వంటి వాహనంలోనే పడక, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, చిన్న మరుగుదొడ్డి అమర్చి ఉంటాయి. మంచినీళ్ళకొక ట్యాంకు, వాడిన నీళ్ళకొక ట్యాంకు. ఈ దేశంలో ఇటువంటి బండ్లు రోడ్డు నిండా కనబడతాయి. బహిరంగ స్థలాలలో ఉచితంగా రాత్రి బస చేయడాన్ని క్రమబద్ధం చేస్తూ 2011లో ఒక చట్టం వచ్చింది. 2023లో దానిని సవరించారు. వాహనం స్వయంసమృద్ధమైనదని గుర్తింపు పొందాలంటే అందులో బిగించిన మరుగుదొడ్డి ఉండి తీరాలి. మంచినీళ్ళు ఒక్కొక్కరికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా నిలువ ఉండాలి. అంటే మనిషికి 12 లీటర్లు.

ఆ 4 లీటర్ల లెక్క తాగడానికీ వంటకూ ఉద్దేశించినది. నమాజు చేసే కుటుంబానికి మరికొంత కావాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తోంది. నేటి కొలతలో అది ముప్పావు లీటరుకు లోపే. ప్రయాణంలో నమాజులు కలిపి చేసుకునే వెసులుబాటు ఉంది కనుక రోజుకు మూడుసార్లు వుజూ అనుకున్నా, మనిషికి 2 లీటర్లు. మేము నలుగురం: నేను, నా భార్య, పదేళ్ళ కుమారుడు, అనంతపురం జిల్లా నుంచి మూడు నెలల కోసం మా వద్దకు వచ్చిన మా అమ్మ. వుజూకు 8 లీటర్లు, తాగడానికీ వండుకోవడానికీ గిన్నెలకూ ఎంత పొదుపుగా వాడినా 20 లీటర్ల పైచిలుకు. మా ట్యాంకు పట్టేది 80 లీటర్లు. మూడు రోజులు గడవకముందే మళ్ళీ కుళాయి వెదుక్కోవాలి.

వెదుక్కోవడం కష్టం కాదు. పట్టుకోవడమే కష్టం. మా వ్యాను పాతది. వెనుకటి యజమాని సొంతంగా అమర్చుకున్న బండి. గొట్టం మూతిలో పెట్టి కుళాయి తిప్పితే, రెండు నిమిషాలు బాగానే పోయినట్లుండి, ఒక్కసారిగా బుస్సుమని నీళ్ళు వెనక్కి చిమ్మేవి. చొక్కా తడిసిపోయేది. ట్యాంకు నిండిందేమోనని లోపలికి వెళ్ళి చూస్తే పావువంతు కూడా ఉండేది కాదు. చివరకు కుళాయిని సన్నని ధారగా తిప్పి, గొట్టం చేత్తో పట్టుకుని నిలబడవలసి వచ్చేది. నిమిషానికి మూడు లీటర్లకు మించి పోయేది కాదు. అంటే ట్యాంకు నిండడానికి అరగంటకు దగ్గర. వెనుక మరో రెండు బండ్లు వరుసలో నిలిచి ఉంటే ఆ అరగంట మరింత పొడవుగా తోచేది.

దాని ఫలితం ఎక్కడ పడిందో ఫెయిర్లీ దాటాక తెలిసింది. అమ్మ కాళ్ళ పిక్కలు పట్టేస్తున్నాయంది. నా భార్య మెల్లగా అడిగితే విషయం బయటపడింది. రెండు రోజులుగా ఆమె నీళ్ళు తాగడమే తగ్గించుకుంది. టీ వద్దంటోంది, వుజూ ఒక్క గ్లాసుతో ముగిస్తోంది. "వాడు అంతసేపు తడుస్తా నిలబడుకోని పట్టిన నీళ్ళు కదమ్మా" అన్నదట కోడలితో. నీళ్ళు తేవడం కష్టమైన ఇంట్లో అందరికంటే ముందు దాహాన్ని ఓర్చుకునేది నోరు విప్పనివారే. అనంతపురం వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కూర్చున్న తరం ఆమెది. తన వాటా తగ్గించుకోవడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర లేని విద్య. పొదుపు సున్నతే. కానీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎండలో దాహంతో ఉండటం పొదుపు కాదు కదా! ఆ సాయంత్రం టెకాపోలో బండి ఆపి, పడక పలకలు ఊడదీసి, ట్యాంకు అమరికను మొదటి నుంచి చివరి దాకా చూశాం.

ట్యాంకులోకి నీళ్ళు వెళ్ళాలంటే అందులో ఉన్న గాలి బయటకు రావాలి. 80 లీటర్ల నీళ్ళు లోపలికి పోతున్నాయంటే 80 లీటర్ల గాలి బయటకు వస్తున్నదన్నమాట. అందుకోసమే ప్రతి ట్యాంకుకూ పైభాగంలో ఒక సన్నని గాలిగొట్టం పెడతారు. మా బండిలో ఆ గొట్టం పెన్సిలంత లావు. పైగా పడక చట్రం కింద నలిగి, మడత పడిపోయి ఉంది. గాలికి మరో దారి లేక, నీళ్ళు వచ్చే దారినే ఎదురు వస్తోంది. ఆ పెనుగులాటే మూతి దగ్గరి బుస. లోపలికి తొంగి చూసిన అమ్మ, మేము నోరు తెరవక ముందే తేల్చేసింది: "గాలి బయటికి పోయేకి దోవ ఈకుండా నీళ్ళు పట్టమంటే ఎట్ల పడతాయి నాయనా? కూజా ముంచితే బుడబుడమనదూ?" సన్నమూతి కూజాను బానలో నిటారుగా ముంచితే నీరు త్వరగా దిగదనీ, కాస్త వాల్చి పట్టుకుంటే గాలి ఒక పక్కనుంచి పోతూ నీరు మరో పక్కనుంచి నిండుతుందనీ మన ఇళ్ళలో ఆడవారికి ఎవరు చెప్పారు?

రెండవ లోపం మూతి నుంచి ట్యాంకుకు వెళ్ళే పెద్ద గొట్టంలో ఉంది. మీటరు పొడవున అది దాదాపు అడ్డంగా సాగి, నడుమ ఊయలలా వేలాడుతోంది. ఆ కుంగిన చోట ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. గాలి దానిని దాటలేదు. నిలిచిన నీరు పాచి పట్టడానికీ అదే చోటు. లోపల ముడతలు ముడతలుగా ఉన్న గొట్టం కావడంతో ప్రవాహానికి ఆటంకం కూడా ఎక్కువే.

మరునాడు దారిలో ట్విజెల్ ఊళ్ళో కావలసినవి దొరికాయి. గాలిగొట్టం తీసేసి బొటనవేలంత లావుది వేశాం. ట్యాంకు మీద మొదలైనది మొదలైనట్లు పైకే ఎక్కేలా, ఎక్కడా కిందికి వంగకుండా, మడత పడకుండా చట్రానికి కట్టాం. దాని చివర మూతికంటే ఎత్తులో, కిందికి వంచి, పురుగులు దూరకుండా సన్నని జాలీ బిగించాం. పెద్ద గొట్టం స్థానంలో లోపల నున్నగా ఉండే, ఆహార పదార్థాలకు అనువైన గొట్టం వచ్చింది. జానెడుకొక బిగింపు వేసి, మూతి నుంచి ట్యాంకు దాకా ఏకధాటిగా దిగుడుగా అమర్చాం. పని మొత్తం ఒక పూట. ఖర్చు ఒక రాత్రి హాలిడే పార్కులో బస చేసినంత కూడా కాలేదు.

మూడవది చాలా చిన్నది. కానీ అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినది అదేనేమో. తోట గొట్టం లావుపాటి కొనను మూతిలో కుక్కితే గాలికి సందు ఉండదు. అందుకని గొట్టం చివర ఒక చిన్న వాల్వు, దానికి అరమీటరు పొడవున వేలంత సన్నని పారదర్శక గొట్టం తగిలించాం. అది మూతిలోపలి మలుపు దాటి లోతుకు వెళ్తుంది. చుట్టూ ఖాళీ మిగిలి ఉంటుంది. ఇక వాల్వు చేతి దగ్గరే ఉంది కనుక ట్యాంకు నిండగానే కుళాయి దాకా పరుగెత్తే పని లేదు. ఇప్పుడు కుళాయి పూర్తిగా తిప్పినా వెనక్కి చిమ్మదు. వానాకాలో కొలిచి చూస్తే ట్యాంకు నిండడానికి ఏడు నిమిషాలు పట్టింది.

నిండిందని తెలుసుకోవడం ఎలా? గోడమీద నాలుగు చిన్న దీపాలున్నాయి. బండి ఏ కాస్త వాలులో నిలిచినా అవి చెప్పేది నమ్మడానికి లేదు. ట్యాంకు తెల్లని ప్లాస్టిక్‌ది కనుక పడక కింద దాని మీద చెరగని సిరాతో పది లీటర్లకొక గీత గీశాం. అమ్మకు ఆ గీతలూ అవసరం లేదు. బిందె నిండుతున్నప్పుడు చప్పుడు బొంగురు నుంచి సన్ననికి మారుతుంది. ఆ మార్పు విని ఆమె వాల్వు కట్టేస్తుంది. ఒక్క చుక్క పొర్లదు.

కుళాయిల సంగతి కొంత చెప్పాలి. ఈ దేశంలో ఆరుబయట కుళాయిలకు ఎక్కువగా ముప్పావు అంగుళం మరలుంటాయి. పాతవాటికి అర అంగుళం. కొన్నింటికి, జనం గొట్టాలు తగిలించకూడదనే ఉద్దేశంతోనేమో, మరలే ఉండవు. అందుచేత ఒక డబ్బాలో రెండు కొలతల బిగింపులూ, మరలు లేని కుళాయికి తొడిగే రబ్బరు తొడుగూ, దానిపై బిగించే క్లిప్పూ ఉంచుకున్నాం. పదిహేను మీటర్ల గొట్టం ఒకటి మోయడం కంటే ఏడున్నర మీటర్లవి రెండు ఉంచుకుని అవసరమైనప్పుడు కలుపుకోవడం సుఖం. గొట్టం మంచినీటిదే కావాలి. మామూలు తోట గొట్టంలో ఎండకు కాగిన నీళ్ళు ప్లాస్టిక్ కంపు కొడతాయి, అది ఆరోగ్యానికీ మంచిది కాదు. వాడిన తరువాత గొట్టంలోని నీరంతా కార్చి, రెండు కొనలనూ ఒకదానికొకటి తగిలించి చుట్టపెడితే దుమ్ము, పురుగు చేరవు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన చోటు డంప్ స్టేషన్. చిన్న చిన్న ఊళ్ళలో కూడా నగరపాలక మండళ్ళు వీటిని ఏర్పాటు చేశాయి. మరుగుదొడ్డి డబ్బానూ, వాడిన నీళ్ళనూ ఖాళీ చేసుకునే తావులివి. అక్కడ డబ్బా కడుక్కోవడానికి ఒక కుళాయి ఉంటుంది. తాగే నీటిది వేరే ఉంటే దాని మీద రాసి ఉంటుంది. తొందరలో ఉన్నవారు, అలసినవారు, ట్యాంకు నింపడమంటేనే విసుగు పుట్టినవారు దగ్గరున్న కుళాయికే గొట్టం తగిలించడం నా కళ్ళతో చూశాను. ఆ కుళాయి మూతికి అంతకుముందు ఎవరి డబ్బా తగిలిందో ఎవరికి తెలుసు? నింపడం సులువైతే మనిషి మరో వంద గజాలు నడిచి మంచి కుళాయి దగ్గరకు వెళ్తాడు. కష్టమైతే ఉన్నచోటే కానిచ్చేస్తాడు. మేము ముందు మంచినీళ్ళు పట్టుకుని, గొట్టం లోపల దాచి, ఆ తరువాతే చేతి తొడుగులు వేసుకుని మురికి పనికి పూనుకునేవాళ్ళం. మంచినీళ్ళ కుళాయినైనా తుడిచి, కాసేపు నీరు వదిలి, ఆ తరువాతే గొట్టం తగిలించడం.

ఇది అతిజాగ్రత్త అని నవ్వేవారికి ఈ దేశంలోనే ఉదాహరణ ఉంది. 2016 ఆగస్టులో ఉత్తర ద్వీపంలోని హేవ్‌లాక్ నార్త్ అనే ఊళ్ళో భారీ వర్షాల తరువాత గొర్రెల పెంట కలిసిన నీరు ఊరి బోరుబావులలోకి చేరింది. వేలమంది విరేచనాలతో మంచం పట్టారు, కొందరు మరణించారు. స్వచ్ఛమైన దేశమని పేరుపడిన చోట కుళాయి నీరే అంతపని చేసింది. ఆ తరువాత నీటి భద్రత కోసం ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడి, 2021లో కొత్త చట్టం వచ్చింది. సంరక్షణ శాఖవారి క్యాంపు స్థలాలలో చాలాచోట్ల కుళాయి పక్కనే 'మరగించి తాగండి' అని బోర్డు ఉంటుంది. అటువంటి నీటిని ట్యాంకులో పోస్తే ట్యాంకంతా అదే నీరవుతుంది. అందువల్ల దానిని వేరే డబ్బాలో పట్టి, గిన్నెలకు వాడుకున్నాం.

నదిలోంచి పంపు పెట్టి తోడుకుంటే సరిపోదా అని మా అబ్బాయి అడిగాడు. పుకాకి ఒడ్డున ఆ నీలిరంగు చూస్తే ఎవరికైనా పుట్టే ఆలోచనే. కానీ 2004లో సౌత్‌లాండ్ ప్రాంతంలోని వైయౌ నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్ళ మీద మురికి దూదిలా పరుచుకుని నదిని కప్పేస్తుంది. కంటికి ఆనని ఒక్క కణం తడి గొట్టంలో దాగి మరో నదికి చేరినా చాలు. అందుకే ఇక్కడ ఒక నీటి నుంచి మరో నీటికి పోయేముందు వాడిన ప్రతి వస్తువునూ పరిశీలించి, శుభ్రపరచి, పూర్తిగా ఆరబెట్టి, ఆరిన తరువాత కూడా 48 గంటలు ఆగాలని చెబుతారు. ఉత్తర ద్వీపానికి ఆ నాచు చేరకుండా చూడటం వీరికి పెద్ద పట్టుదల. మా అబ్బాయి చెప్పులు కడగడం ఆ రోజు నుంచి తన బాధ్యతగా తీసుకున్నాడు.

వానాకా నుంచి హాస్ట్‌కు 140 కిలోమీటర్ల దారి. నడుమ హావెయా, మకరోరా తప్ప చెప్పుకోదగిన ఊళ్ళు లేవు. కనుమ దాటగానే పొడి కొండలు మాయమై అడవి ముసురుకుంటుంది. జలపాతాలు రోడ్డు మీదికే దూకుతున్నట్లుంటాయి. అక్కడి అసలు గృహస్థులు శాండ్‌ఫ్లై అనే నల్లని చిన్న ఈగలు. నిలబడ్డవాడిని వదలవు. నడిచేవాడిని పెద్దగా పట్టించుకోవు. పాత పద్ధతిలో అరగంట గొట్టం పట్టుకుని నిలబడవలసి వస్తే మా చేతులు ఏమయ్యేవో ఊహించుకోవచ్చు.

ఆ తీరంలో ఒకచోట కుళాయి దగ్గరకు బండి వెళ్ళే వీలు లేకపోయింది. ఇటువంటి చోట్ల చాలామంది 20 లీటర్ల డబ్బా మోసుకొచ్చి, ఛాతీ ఎత్తుకు లేపి, గరాటుతో పోస్తారు. 20 లీటర్లంటే 20 కిలోలు. నడుము పట్టేయడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మేము 10 లీటర్ల డబ్బాలు రెండు, బ్యాటరీతో నడిచే 12 వోల్టుల చిన్న పంపు ఒకటి పెట్టుకున్నాం. డబ్బాను నేలమీదే ఉంచి పంపును అందులో ముంచితే నిమిషంలో నీరంతా ట్యాంకులోకి ఎక్కేస్తుంది. మోయడమే గానీ ఎత్తడం లేదు. అబ్బాయి ఒక డబ్బా, నేను ఒక డబ్బా తెస్తుంటే, పంపు నడపడం అమ్మ వంతు. నాలుగు విడతలలో ట్యాంకు నిండింది. "ఇంక టీ పెట్టుకోవచ్చా?" అని ఆమె కోడలిని అడిగింది. ఆ రోజు ఆమె రెండు కప్పులు తాగింది. పిక్కలు పట్టేయడం హాస్ట్ దాటాక మళ్ళీ వినబడలేదు.

హోకిటికా, ఆర్థర్స్ కనుమ మీదుగా క్రైస్ట్‌చర్చ్ చేరాక ట్యాంకులో 20 లీటర్ల దాకా మిగిలాయి. బండి కొన్ని వారాలు ఖాళీగా ఉండబోతున్నప్పుడు ట్యాంకులో నీరు నిలువ ఉంచకూడదు. అంతా వదిలి, మూత తెరిచి ఆరనివ్వాలి. నేను అడుగు వాల్వు తిప్పబోతుంటే అమ్మ ఆగమంది. ఇంట్లోంచి రెండు బకెట్లు తెచ్చి కింద పెట్టించి, ఆ నీళ్ళు పెరట్లోని నిమ్మచెట్టుకు పోసింది.